గుట్ట కింది గది – 9: దోసిలి పట్టే కంప్యూటర్



ఈ వారం గెస్ట్ లెక్చరర్ల జీతాల గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. అది వచ్చే వారానికి వాయిదా. ఈ మధ్యలో ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. దానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, రోజుకి నాలుగు క్లాసులు చెప్పే మనిషిని, ఒక లాప్‌టాప్ కొనాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఎందుకు ఆగానో రాస్తాను.

నేనుండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో, గుట్ట దిగువన, రెండో అంతస్తులో ఒక్క గది. సినిమాల్లో జూబ్లీహిల్స్ చూసినవాళ్ళకి ఇక్కడ బస్తీలున్నాయని తెలియదు. దుర్గాభవానీ నగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ లాంటి పేర్లు ఏ సినిమా టైటిల్ కార్డులోనూ పడవు. కానీ సెట్టుకి మేకు కొట్టేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, హీరో వెనకాల గుంపులో నిలబడేవాళ్ళు, ఆ గుంపుకి అన్నం వడ్డించేవాళ్ళు చాలామంది ఇలాంటి ఇళ్ళలోంచే పొద్దున్నే బయల్దేరతారు. పైన ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో. కింద మేము. మధ్యలో ఒక మలుపు రోడ్డు.

ఆ అమ్మాయి మా వీధి చివర ఉంటుంది. బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం. వాళ్ళమ్మ షూటింగులకి వెళ్తుంది. ఒకరోజు సాయంత్రం నా గదికి వచ్చి నా లాప్‌టాప్ వంక చూసి అడిగింది: "మేడమ్, గీ లాప్‌టాప్ అసుంటిదే తీస్కుందామనుకుంటున్న. అమ్మ పైసలు జమ చేసింది. తీస్కుంటే ఫాయిదా ఉంటదా?"

నా లాప్‌టాప్ సంగతి చెప్పాలి. 2021లో ఆన్‌లైన్ క్లాసులు చెప్పడం కోసం పదిహేడు వేలకి కొన్నాను. కంపెనీ పేరు అనవసరం. అది బ్రౌజరే ప్రాణంగా బతికే రకం. మూత తెరిస్తే ఏడెనిమిది సెకన్లలో లేస్తుంది. బరువు లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. ర్యామ్ నాలుగు జీబీ, స్టోరేజి అరవై నాలుగు జీబీ. ఫైళ్ళన్నీ ఎక్కడో ఉండే సర్వర్లలో ఉంటాయి. మన దగ్గర ఉండేది వాటిని చూసే కిటికీ మాత్రమే.

ఈ రకం మిషన్లు 2011లో అమెరికాలో క్రోమ్‌బుక్ పేరుతో అమ్మకానికి వచ్చాయి. 2013లో మన దేశానికొచ్చాయి. 2015లో 12,999 రూపాయలకే దొరికాయి. 2023లో 4జీ సిమ్ పెట్టుకునే జియోబుక్ 16,499 రూపాయలకి వచ్చింది. అంతకుముందే, 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ టాబ్లెట్ విడుదల చేసింది, పేద విద్యార్థి చేతిలో ప్రపంచం పెడతామంది. ఆ టాబ్లెట్ ఇప్పుడెక్కడుందో మీలో ఎవరైనా చూశారా? ఆకాశం పేరు పెట్టినవాళ్ళకి అప్పుడు తెలియదు, పదేళ్ళకి మన చదువులన్నీ నిజంగానే ఆకాశంలోకి, అదే క్లౌడ్‌లోకి, వెళ్ళిపోతాయని.

ముందు ఈ మిషన్ మేలు చెప్తాను, లేకపోతే అన్యాయం అవుతుంది. నాలుగేళ్ళకి పైగా దీనిమీదే బతికాను. ఒక్క వైరస్ రాలేదు. ఒక్కసారీ రిపేరుకి ఇవ్వలేదు. పొద్దున చార్జింగ్ పెడితే కాలేజీ అయిపోయేదాకా వస్తుంది. ఈ తొమ్మిది భాగాలూ దీనిమీదే రాశాను. మన పిల్లల్లో చాలామంది ఫోన్‌లోనే ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేస్తారు, బొటనవేళ్ళతో యాభై పేజీలు. అలా టైప్ చేసిన వ్యాసంలో పేరాలుండవు. అది వాళ్ళ తెలివి లోపం కాదు. ఆరంగుళాల తెర మీద ముందు రాసిన వాక్యం కనబడదు. కీబోర్డు, ఓ మోస్తరు తెర ఉంటే ఆలోచన తీరే మారుతుంది. కాబట్టి "పేదవాళ్ళకి ఫోన్ చాలదా" అనేవాళ్ళని నేను ఒప్పుకోను. వాళ్ళ పిల్లలకి ఫోన్ ఎందుకు చాలలేదో ముందు చెప్పమనండి.

2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ లెక్క ప్రకారం గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు నూటికి 4.4. పట్టణాల్లో 23.4. ఇంటర్నెట్ అందే ఇళ్ళు గ్రామాల్లో 14.9, పట్టణాల్లో 42. ఆ లెక్క తీసిన రెండేళ్ళకే కరోనా వచ్చింది, బడి మొత్తం తెర మీదకి పోయింది. ఆ ఏడాది ఒక లాప్‌టాప్ లేక, స్కాలర్‌షిప్ చేతికి రాక మనం పోగొట్టుకున్న అమ్మాయి ఎవరో మీకు తెలుసు. ఆ పేరు ఈ వ్యాసానికి వాడుకోను. చవక లాప్‌టాప్ అన్న మాట వినగానే నేను ఎందుకు నవ్వలేనో చెప్పడానికి ఇంతవరకే అన్నాను.

ఇక రెండో వైపు.

2022 మే నెల. సెలవులకి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్ళాను. ఆ ఏప్రిల్ 4నే కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న ఆ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చడానికి ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబెట్టారు. రాజ్యాంగం రాసిన మనిషి పేరు ముందుంటే తమ జిల్లా తగ్గిపోతుందన్నారు. ఆ పేరు కోసం 1978లో మరాఠ్వాడాలో మనవాళ్ళ గుడిసెలు తగలబడ్డాయి. ఆ విశ్వవిద్యాలయానికి పేరు మారేసరికి 1994 వచ్చింది. మేం పుట్టకముందు కథ అనుకుని చదివినది మా గుమ్మం ముందుకొచ్చింది.

ఆ రోజు నుంచి నెట్ ఆపేశారు. మండలాన్ని బట్టి దాదాపు రెండు వారాలు. ఆపడం తప్పని తేలిగ్గా అనలేను. వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు తిరిగాయని పోలీసులే చెప్పారు. ఆ పిలుపులు ఆగడం వల్ల మా పేట వాళ్ళు ఆ రాత్రుళ్ళు కాస్త నిద్రపోయి ఉండొచ్చు. కానీ నేను చెప్పదలచింది నా ఒళ్ళో ఉన్న మిషన్ సంగతి.

నేనొక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. గడువు మే 31. సర్టిఫికెట్ల స్కాన్లు, పబ్లికేషన్ల జాబితా, సగం నింపిన ఫారం అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి. మూత తెరిచాను. లేచింది. తెర వెలిగింది. వాల్‌పేపర్ ఉంది, గడియారం ఉంది. నా ఫైళ్ళ పేర్లు కూడా బూడిదరంగులో కనిపిస్తున్నాయి. నొక్కితే తెరుచుకోవు. కరెంటుంది, చార్జింగుంది, నా పాస్‌వర్డ్ నాకు గుర్తుంది. నేను రాసింది నాకు రాదు.

అమ్మ పక్కన కూర్చుని చూసి అడిగింది. "ఏటమ్మా ఇది, నెట్టు లేకపోతే దీనికి ప్రాణం ఉండదా?"

ఉండదమ్మా అన్నాను. అప్పుడు మంచం మీద నుంచి మా మామ్మ ఒక మాట అంది. ఆవిడకి కంప్యూటర్ ఏమిటో తెలియదు. నేను చెప్పింది విని, "అయితే చెరువు వాళ్ళది, దోసిలి నీదన్న మాట" అంది.

మామ్మ చిన్నప్పుడు రైతుల కళ్ళాల్లో పనికి వెళ్తే దాహం వేసినప్పుడు ముంత చేతికివ్వరు. వంగి దోసిలి పట్టాలి. పైనుంచి పోస్తారు. పోసేవాళ్ళు ఎప్పుడు ఆపితే అప్పుడు దాహం తీరినట్టు లెక్క. నీళ్ళు లేవని ఎవరూ అనలేదు. ముంత మాత్రం మన చేతిలో లేదు.

ఆ మాట పట్టుకుని ఈ నాలుగేళ్ళూ ఆలోచిస్తున్నాను. 1923లో బొంబాయి శాసనమండలి చెరువులూ బావులూ అందరివీ అని తీర్మానం చేసింది. అయినా అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్‌లో వేలమందితో వెళ్ళి చవదార్ చెరువులో నీళ్ళు ముంచుకోవాల్సి వచ్చింది. కాగితం మీద హక్కు ఉండటం వేరు, నీ చేత్తో నువ్వు ముంచుకోగలగడం వేరు. ఇంటర్నెట్ సంగతీ అంతే. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫహీమా షిరిన్ కేసులో ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని చెప్పింది. హాస్టల్లో ఫోన్ ఆంక్షలకి ఒప్పుకోనందుకు బయటికి పంపేసిన ఒక డిగ్రీ విద్యార్థిని వేసిన కేసు అది. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, నెట్‌ని నిరవధికంగా ఆపడానికి వీల్లేదు, ఆపితే ఆ ఉత్తర్వు బయటపెట్టాలి అంది. రెండూ మంచి తీర్పులే. కానీ తీర్పు ముంత కాదు.

ఆ దరఖాస్తు ఏమైందంటారా. మే 30న మా చిన్నాన్న కొడుకు బండి మీద రావులపాలెం, అక్కణ్ణుంచి బస్సులో రాజమండ్రి వెళ్ళాను. బయల్దేరేటప్పుడు అమ్మ లాప్‌టాప్‌ని సంచిలో బోర్లా పెట్టింది. మూత మీద అంబేద్కర్ స్టిక్కర్ ఉంది. దారిలో పికెట్లున్నాయి, పోలీసులే కాదు, ఊళ్ళ దగ్గర కుర్రాళ్ళు కూడా నిలబడి చూస్తున్నారు. నేను అడ్డు చెప్పలేదు. పైన ఒక చీర కూడా కప్పాను. రాజమండ్రిలో ఒక నెట్ సెంటర్లో కూర్చుని దరఖాస్తు పంపాను. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి. ఆ జూన్‌లోనే మంత్రివర్గం జిల్లా పేరుకి ఆమోదం తెలిపింది. ఆ స్టిక్కర్ కప్పిన సంగతి మాత్రం ఈ రోజు వరకూ ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు మళ్ళీ గుట్ట దగ్గరికి వద్దాం.

మా పైన స్టూడియోల్లో ఎడిటింగ్ పనిచేసే ఒక తమ్ముణ్ణి అడిగాను, మీరు సినిమా మొత్తం క్లౌడ్‌లో పెడతారా అని. నవ్వాడు. "అక్కా, షూటింగ్ అయిన రోజే కార్డు కాపీ చేస్తాం. ఒక హార్డ్‌డిస్కు ఇక్కడ, ఇంకోటి వేరేచోట. కాపీ సరిగ్గా పడిందని చూసుకోకుండా కార్డు చెరపం." వాళ్ళ కెమెరాలో పెట్టే ఒక్క కార్డే నా లాప్‌టాప్ మొత్తం స్టోరేజి కంటే ఎన్నో రెట్లు పెద్దది. నాకు కోపం రాలేదు, పాఠం దొరికింది. కోట్లు పెట్టినవాడు తన సొత్తుని ఆకాశం మీద నమ్మకంతో వదిలెయ్యడు. ముంత తన చేతిలో పెట్టుకుంటాడు. అన్నీ మేఘాల్లో పెట్టుకో, నీకేం బరువు అని మనకి మాత్రమే చెప్తారు.

ధర సంగతీ చూడండి. చవక అంటున్నాం కదా. ఇప్పటి రేటుకి నెలకి 350 రూపాయల రీచార్జి అనుకోండి. ఏడాదికి 4,200. నాలుగేళ్ళకి 16,800. మిషన్ ధర ఇంకోసారి కట్టినట్టే. పైగా ఆ రేటు మన చేతిలో లేదు. 2024 జూలైలో పెద్ద ప్రైవేటు టెలికం కంపెనీలన్నీ ఒకే వారంలో రేట్లు పెంచాయి. రీచార్జి అయిపోయిన రోజున మా వీధిలో పుస్తకం మూతపడదు, లాప్‌టాప్ మూతపడుతుంది. ఈ మిషన్లకి ఇంకో గడువు కూడా ఉంది. క్రోమ్‌బుక్‌లకి ఫలానా తేదీ తర్వాత అప్‌డేట్లు రావు. 2023లో దాన్ని పదేళ్ళకి పెంచారు, మంచిదే. కానీ ఆ పదేళ్ళు నువ్వు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ పుట్టినప్పటి నుంచి. డిస్కౌంట్లో వచ్చే పాత మోడల్ అంటే సగం ఆయుష్షు ఎవరో వాడేసినదే కావచ్చు.

మన భాషకొచ్చే ఇబ్బంది ఇంకోటి. తెలుగు డీటీపీ ప్రపంచం ఏళ్ళ తరబడి అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద నడిచింది. అవి విండోస్ మీద పనిచేసేవి. నేను యూనికోడ్‌లో వ్యాసం పంపితే ఒక పత్రిక నుంచి "అనులో పంపండి మేడమ్" అని ఫోన్ వచ్చింది. నా దగ్గర అది తెరిచే మార్గమే లేదు. ఎన్ని పుస్తకాలు, ఎన్ని దళిత కవితా సంకలనాలు ఆ పాత ఫాంట్ల ఫైళ్ళలో ఇరుక్కుని ఉన్నాయో ఆలోచించండి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం కూడా ఉద్యమం పనే.

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 46లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, దేశంలో అదే మొదటిది. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. కాలేజీ మెట్లెక్కలేని కూలీలకి, గృహిణులకి, చిన్న ఉద్యోగులకి చదువు ఇంటికి పంపడం దాని ఉద్దేశం. ఆ పంపిన తీరు చూడండి. అచ్చేసిన పుస్తకం చేతికిచ్చారు. ఆకాశవాణిలో పాఠాలు చెప్పారు. పుస్తకానికి రీచార్జి లేదు. రేడియోకి పాస్‌వర్డ్ లేదు. ఒకసారి చేతికొచ్చిన పుస్తకాన్ని జిల్లాలో నెట్ ఆపేసి ఎవరూ వెనక్కి లాక్కోలేరు. 2020 సెప్టెంబరులో తెలంగాణ బడిపిల్లలకి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో కూడా వేశారు. నెట్ లేని ఇంటికి అదే దిక్కైంది. పాత పద్ధతే గొప్పదని నేననను. కొత్తది ఇచ్చేటప్పుడు పాతదాంట్లో ఉన్న భద్రత తీసెయ్యకండి అంటున్నాను.

అందుకే విద్యార్థి సంఘాల మిత్రులకి నా మాట. "ఉచిత లాప్‌టాప్" అన్న డిమాండు సగమే. దానికి ఇవి కలపండి. కాలేజీలో, హాస్టల్లో రాత్రి కూడా పనిచేసే వైఫై. ప్రతి పాఠం డౌన్‌లోడ్ చేసుకునే ఫైలుగా, అడిగినవాళ్ళకి ప్రింటుగా. నెట్ ఆగిన జిల్లాలో దరఖాస్తులకీ పరీక్ష ఫీజులకీ గడువు దానంతటదే పొడిగించే నిబంధన. విశ్వవిద్యాలయాలు, పత్రికలు యూనికోడ్ ఫైలు తీసుకోవడం. వీటిలో చివరిదానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పటికే ఈ రకం మిషన్ కొన్నవాళ్ళు భయపడకండి, నేనూ అదే వాడుతున్నాను. మూడు పనులు చెయ్యండి. నెట్ ఉన్నప్పుడే డాక్యుమెంట్లకి ఆఫ్‌లైన్ ఆన్ చేసి పెట్టుకోండి. నేను 2022లో చెయ్యని పని అదే, అందులో నా తప్పూ ఉంది. సర్టిఫికెట్లు, రాతలు నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి దింపండి, ఆ పెన్‌డ్రైవ్ ఇంకొకరి ఇంట్లో కూడా ఒకటి ఉంచండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి, దానికి నెట్ అక్కర్లేదు. అంబేద్కర్ ఇంగ్లిష్ రచనల సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. అవి లింకుగా దాచుకోకండి. దింపుకోండి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. రెండ్రోజుల తర్వాత పిలిచి అడిగాను, కోర్సులో ఏమేం నేర్పుతారని. "టాలీ ఉంటది మేడమ్, సెకండ్ ఇయర్ల" అంది. టాలీ విండోస్ సాఫ్ట్‌వేర్, నా లాంటి మిషన్ మీద ఎక్కదు. వాళ్ళమ్మ ఎన్ని రోజుల షూటింగు కూలి దాచిందో నాకు తెలుసు. ఆ డబ్బు పెట్టి, ఆమె పరీక్షకి పనికిరాని వస్తువు కొనించేదాన్ని, నాకు పనికొచ్చింది కదా అని. పాఠాలు చెప్పుకుని వ్యాసాలు రాసుకునేవాళ్ళకి ఇది చాలు. బీకాం పిల్లకి చాలదు. కొత్తదే కావాలనే పట్టుదల మానేసి, ఆఫీసులు వాడి వదిలేసిన మంచి విండోస్ లాప్‌టాప్ చూడమన్నాను, బిల్లూ వారంటీ ఇచ్చే షాపులో.

"పాతదా మేడమ్?" అని మొహం చిన్నబుచ్చుకుంది. చుట్టూ అందరికీ కొత్తవి ఉన్నప్పుడు ఆ వయసులో పాతది ఎందుకు కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. పాత పుస్తకాలు, పాత యూనిఫాం వేసుకుని చదివినదాన్నే.

శనివారం వాళ్ళమ్మకి షూటింగ్ లేదట. ముగ్గురం కలిసి సికింద్రాబాద్ పార్క్‌లేన్, సీటీసీకి వెళ్తున్నాం. ఏం కొన్నామో, ఎంతకి కొన్నామో రాస్తాను.

వచ్చే భాగం: గెస్ట్ లెక్చరర్ జీతం, పన్నెండు నెలల్లో ఎన్ని నెలలు?

జై భీమ్.